ప్రారంభోత్సవ బర్రె

మా జిల్లాలో ఏ పనైనా మొదలుపెట్టే ముందు దాన్ని ప్రారంభించాలి. రెండూ ఒకటే కదా అని ఎవరైనా అడిగారంటే, వాళ్లు జన్మలో ఎప్పుడూ సర్కారు సభకు షామియానా వెయ్యలేదన్నమాట. నేను వేశాను. షామియానా, కుర్చీలు, మైకు సెట్టు, కావాలంటే మామిడాకుల తోరణాలు కూడా నావే. మైకు బ్రహ్మయ్య అంటే చుట్టుపక్కల ఊళ్లలో ఎవర్నడిగినా మా ఇల్లు చూపిస్తారు. ముందు కుర్చీల్లో కూర్చున్న వాళ్లకు వేదిక ఒక్కటే కనిపిస్తుంది. వైర్లు లాగేవాడికి వేదిక వెనక జరిగేది కూడా కనిపిస్తుంది. కాబట్టి ఈ సంగతి చెప్పే హక్కు నాకుంది, వినే ఓపిక మీకుండాలి.

గొంతువాపు అని బర్రెలకు ఒక జబ్బు వస్తుంది. గొడ్లున్న ఇంట్లో ఆ పేరు గట్టిగా పలకరు. తొలకరి పడి నేల మెత్తబడే రోజుల్లో కంటికి కనపడని క్రిమి ఏదో ఊపిరితిత్తుల్లో చేరుతుంది. పొద్దున శుభ్రంగా మేసిన బర్రెకు మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోతుంది. గొంతు కింద వాపు దిగుతుంది. ఊపిరాడక గురగురమంటూ గురక పెడుతుంది. మర్నాటికి కొట్టంలో పలుపు మాత్రమే మిగులుతుంది. అయితే దీనికి టీకా ఉంది. వానలకు ముందే ఒక్క సూది పడితే ఆ ఏడాదికి నిశ్చింత. ఆ మందు ఎండాకాలంలోనే జిల్లాకు వచ్చేసింది, పెట్టెల్లో ఐసు మధ్య హాయిగా పడుకుని ఉంది. పడుకున్నదాన్ని లేపాలంటే ప్రారంభోత్సవం జరగాలి.

జిల్లా పశువైద్య శాఖకు పెద్ద పరాంకుశం గారు. జాయింట్ డైరెక్టరు కదా, అందరూ జేడీ గారంటారు. ఆయన మాట్లాడితే అచ్చులో చదువుతున్నట్టు ఉంటుంది. ఆయనొక ఉత్తర్వు తీశారు: ప్రతి గ్రామమునందు ముఖ్య అతిథి స్వహస్తములతో ఒక పశువుకు తొలి టీకా వేయవలెను, దానిని ప్రారంభ దశ అనవలెను, జిల్లాలోని సకల గ్రామములలో ప్రారంభ దశ దిగ్విజయముగా ముగిసిన పిమ్మటనే గ్రామమునకొకటిగా కేటాయించిన పెద్ద పెట్టెల సీలు తీసి విస్తృత దశ చేపట్టవలెను. అంతవరకు ఏ గ్రామపు పెట్టెను ఆ గ్రామ వేదికపై పూలతో అలంకరించి ప్రదర్శించవలెను.

నాకేం నొప్పి? ఊరికో సభ అంటే ఊరికో షామియానా. ఆ ఉత్తర్వును నేను మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాను.

మొదటి ప్రారంభోత్సవంలోనే తేడా కొట్టింది. ముఖ్య అతిథి సిరంజి పట్టుకుని ఫొటో కోసం నవ్వుతున్నారు. ఎవడో అత్యుత్సాహంతో టపాకాయల సరం అంటించాడు. బర్రె బెదిరింది. బర్రెతోపాటు దాన్ని కట్టిన గుంజ, గుంజతోపాటు నా షామియానా, షామియానాతోపాటు ముఖ్య అతిథి గారూ కొంతదూరం ప్రయాణం చేశారు. ఆ వీడియో ఎన్ని ఫోన్లు తిరిగిందో లెక్కలేదు. నా షామియానా చిరుగుల గురించి మాత్రం ఒక్కడూ అడగలేదు.

దాంతో రెండో ఉత్తర్వు వచ్చింది. ప్రముఖుల చేత సూది వేయించుకొను పశువు శాంతస్వభావము కలదై ఉండవలెనట. మా మండలం పశువుల డాక్టరమ్మ హైమావతి గారు, పాపం, చెవి పక్కన డప్పు కొట్టించి, తోక వెనక టపాకాయలు పేల్పించి ఊరి బర్రెల్ని పరీక్ష చేశారు. ఊరి బర్రెలన్నీ ఊరు దాటి పరిగెత్తాయి. ఒక్కటి మాత్రం నిలబడినచోటే నిలబడి నెమరు వేస్తూ ఉంది. అది మా అక్క అంకమ్మ బర్రె. నుదుట తెల్ల మచ్చ ఉండటంతో దాని పేరు చుక్క.

దాని శాంతానికి కారణం నేనే. అక్క కొట్టానికీ నా సామాన్ల గదికీ మధ్య ఒకటే గోడ. పుట్టిన దగ్గర్నుంచీ చుక్క రోజూ నా "హలో, హలో, మైక్ టెస్టింగ్" వింటూ పెరిగింది. దాని చెవి పక్కన పిడుగు పడినా, బ్రహ్మయ్య మామ వచ్చాడులే అనుకుంటుంది.

మా ఊళ్లో ప్రారంభోత్సవం పెళ్లిలా జరిగింది. ముఖ్య అతిథి సూది గుచ్చారు. చుక్క తోక కూడా కదపలేదు. జనం చప్పట్లు కొట్టారు. మా అక్క ముఖం చూడాలి, బర్రెకు పతకం వచ్చినంత సంబరం. సభ అయిపోగానే ఇంటికి పరిగెత్తి చుక్క కూతురు మాలచ్చిని తోలుకొచ్చింది. మాలచ్చి ఇంకా ఈనని పడ్డ. నిగనిగలాడుతూ ఉంటుంది, తిండియావ కాస్త ఎక్కువ. దాన్ని అమ్మమని ఎంతమంది ఎంత బతిమాలినా అక్క ఒప్పుకోలేదు. రేపు చుక్క ముసలిదైతే ఇంట్లో పొయ్యి వెలగాల్సింది దాని పాల మీదే.

"డాట్రమ్మా, ఎట్టాగూ వచ్చినారు గదా, మా పడ్డక్కూడా ఒక సూదెయ్యండి" అంది అక్క.

హైమావతి గారు జేడీ గారి వైపు చూశారు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"చూడమ్మా, ఆవేశం తగదు. ఇది ప్రారంభ దశ మాత్రమే. ఒక గ్రామ పశువులకు ముందు, మరొక గ్రామ పశువులకు వెనుక టీకా వేయుట సమానత్వ సూత్రానికి విరుద్ధం."

"అయితే అందరికీ ఒకేపాలి ఏస్తారా అయ్యా?"

"అందరూ సమానంగా వేచి ఉందురు. అందులో వివక్షకు తావులేదు" అన్నారాయన. ముందు వరసలో కూర్చున్న వాళ్లు దానికీ చప్పట్లు కొట్టారు.

పక్క మండలంలో శాంతస్వభావం కలది ఒక్క బర్రె కూడా దొరకలేదు. ఆ పై మండలంలో దొరికింది గానీ ముఖ్య అతిథిని చూడగానే పేడ వేసింది. పరాంకుశం గారు రెండు రోజులు ఆలోచించి, చుక్కను శాఖలోకి డిప్యుటేషన్ మీద తీసుకున్నారు. హోదా ప్రారంభ పశువు. దానికో వ్యాను, మెడలో ఫొటో ఉన్న గుర్తింపు కార్డు. కార్డులో తండ్రి పేరు అని ఒక గడి ఉంది. హైమావతి గారు "తెలియదు" అని రాస్తే జేడీ గారికి కోపం వచ్చింది. ప్రభుత్వ కార్డులో అలాంటి మాట శాఖకు మచ్చ కాదా? చివరికి "కృత్రిమ గర్భధారణ కేంద్రం" అని రాసి సంతకం పెట్టారు.

చుక్క ఊరూరా తిరిగింది. వెనక వ్యానులో నేనూ, నా షామియానా, మా అక్కా. రెండో ఊళ్లోనే హైమావతి గారు అక్క చెవిలో చెప్పారు: "ఒకసారి వేసిన టీకా ఊరికే మళ్లీ మళ్లీ వెయ్యకూడదు, అంకమ్మ గారూ. ఇక నుంచి సిరంజిలో ఉప్పునీళ్లే ఉంటాయి. కంగారు పడకండి." ఆ రకంగా ముఖ్య అతిథులందరూ ఒకే బర్రెకు ఉప్పునీళ్లు పొడుస్తూ జిల్లా అంతటా టీకాలు ప్రారంభించారు. మందు ఆదా చేసినందుకు శాఖకు ప్రశంస కూడా వచ్చింది.

మొదట్లో మా అక్క కొత్త చీర కట్టుకుని వేదిక పక్కన నిలబడేది. పోనుపోను ఆ మురిపెం తీరిపోయింది. వ్యాను కుదుపులకు చుక్క పాలు చేపడం మానేసింది. పాలకేంద్రంలో అక్క క్యాను బోర్లించి ఉంటోంది. ఒకరోజు ఆమె జేడీ గారి కారుకు అడ్డం నిలబడింది.

"అయ్యా, నా గొడ్డును నాకిచ్చెయ్యండి. పాలింకిపోయినయ్యి. మేం ఏం తాగి బతకాల?"

"ప్రజాప్రయోజనాల దృష్ట్యా రిలీవ్ చేయుట సాధ్యపడదు. అది ఇప్పుడు బర్రె కాదమ్మా, వ్యవస్థ" అన్నారు పరాంకుశం గారు, కారు అద్దం ఎక్కిస్తూ.

అంతలో రాజధాని నుంచి తనిఖీ బృందం దిగింది. పశువుల్లో రోగనిరోధక శక్తి వచ్చిందా లేదా అని ఊరూరా రక్తం తీసి చూడాలట. టీకా వేసిన పశువు రక్తమే తియ్యాలని నిబంధన. జిల్లా మొత్తానికీ టీకా వేసిన పశువు ఒక్కటే. కాబట్టి బృందం జీపు ఏ ఊరికి బయల్దేరితే చుక్క వ్యాను అడ్డదారిన ముందే ఆ ఊరు చేరేది. బృందంలో పెద్దాయన కళ్లజోడు సర్దుకుని అడిగారు, "ఈ జిల్లాలో అన్ని బర్రెలకూ నుదుట తెల్ల మచ్చ ఉందేమిటి?" అని.

"టీకా ప్రభావం సార్" అన్నారు పరాంకుశం గారు, రెప్ప వెయ్యకుండా.

ఆయన దాన్ని శ్రద్ధగా రాసుకున్నారు. నివేదిక అద్భుతంగా వచ్చింది. జిల్లాలో రోగనిరోధక శక్తి నూటికి నూరు శాతం ఉందనీ, ఊరికీ ఊరికీ వెంట్రుకవాసి తేడా లేకపోవడం దేశానికే ఆదర్శమనీ మెచ్చుకున్నారు. ఆ మెప్పు సభకు కూడా షామియానా నాదే.

ఆ సభలోనే వాన మొదలైంది.

వారం తిరిగేసరికి తుమ్మలదిన్నె నుంచి రోజూ పాలు తెచ్చే ఓబులేసు మా పాలకేంద్రానికి ఉత్త చేతులతో వచ్చాడు. తుమ్మలదిన్నె మాకు పక్క ఊరే, మధ్యలో ఒక వాగు. జిల్లాలో ప్రారంభోత్సవం ఇంకా జరగని ఊరు అదొక్కటే మిగిలింది. ఓబులేసు అరుగు మీద అక్క పక్కన కూలబడ్డాడు.

"రాత్రంతా గురక పెట్టిందక్కా. గొంతు ఇంతలావు వాసింది. తెల్లారేతలికి పోయింది" అన్నాడు. "మా ఈదిలో ఇంకో రెండిటికి ఒళ్లు కాలిపోతా ఉండాది."

మా అక్క లేచింది. "ఒరే బెమ్మయ్యా, బండి తియ్యి" అంది.

జిల్లా ఆఫీసులో జేడీ గారు నివేదికకు ఫ్రేము కట్టిస్తున్నారు. హైమావతి గారు ఎదుట నిలబడి, తుమ్మలదిన్నెలో గొంతువాపు వచ్చింది సార్, అని చెబుతున్నారు.

"అసంభవం" అన్నారాయన. "నూటికి నూరు శాతం శక్తి కలిగిన పశుసంపదలో గొంతువాపు సంభవించుట నివేదికకు విరుద్ధం. ఆ బర్రెకు నిద్రలో గురక పెట్టు అలవాటు ఉండి ఉండవచ్చు."

"అలవాటేందయ్యా!" మా అక్క గొంతు ఆఫీసంతా వినపడింది. "వాగు ఇవతల నా పడ్డ ఉండాది. అది గూడా పోతే నేనేం జెయ్యాల? ఐసుపెట్టెల నిండా మందు పెట్టుకోని నా పడ్డకు ఒక్క సూది లేదంటారా? మీకు మనసనేది ఉండాదా?" అంటూ ఏడ్చేసింది. మా అక్క ఏడవగా నేను చూడటం తక్కువ.

పరాంకుశం గారు ఇబ్బందిగా కదిలారు. ఆయన చెడ్డవాడు కాదు. ఉత్తర్వులో లేని దయ చూపించడం ఆయనకు చేతకాదు, అంతే. "చూడమ్మా, టీకా పొందు అర్హత ప్రారంభ పశువుకే కలదు. ఆ పోస్టు ఒక్కటే. అందులో చుక్క పనిచేయుచున్నది."

ఎన్ని సభల వెనక కూర్చుని ఎన్ని ప్రసంగాలు విన్నానో, అవన్నీ ఒక్కసారిగా నా బుర్రలో కదిలాయి.

"సార్, చుక్కకు ఒంట్లో బాగుండటంలా. తిరిగి తిరిగి కీళ్లు పట్టేసినయ్యి. అనారోగ్యం మీద రిటైరు చేసి, కూతురికి కారుణ్య నియామకం ఇయ్యకూడదా?" అన్నాను.

పరాంకుశం గారి కళ్లలో వెలుగు రావడం నేను స్పష్టంగా చూశాను. టీకా అంటే ఆయనకు సంకటం. నియామకం అంటే ఆయనకు ప్రాణం.

"వారసత్వ ధ్రువీకరణ?" అన్నారు.

"ఈనింది నా కొట్టంలోనే. నా చేత్తోనే లాగినా" అంది అక్క ముక్కు తుడుచుకుంటూ.

"కానీ సార్, ఆ పడ్డ శాంతపరీక్ష..." అని హైమావతి గారు నసిగారు.

"కారుణ్య నియామకములందు అర్హతలకు సడలింపు కలదు" అన్నారు పరాంకుశం గారు గంభీరంగా. "పదవీ విరమణ సన్మానం, విధులలో చేరు కార్యక్రమం ఒకే వేదికపై జరుపుదాం. బ్రహ్మయ్యా, షామియానా పెద్దది వెయ్యి."

రెండో రోజు మా ఊళ్లో సభ. వాన తెరిపిచ్చి ఎండ చుర్రుమంటోంది. వేదిక మీద బల్ల, బల్ల మీద బంతిపూల దండలు చుట్టిన పెద్ద టీకా పెట్టె. ముఖ్య అతిథి చుక్కకు శాలువా కప్పారు. విరామమెరుగని దాని సేవల గురించి పరాంకుశం గారు కళ్లు చెమర్చేలా మాట్లాడారు. ఆ మాటలకు దాని కళ్లు చెమర్చలేదు గానీ, మెడలో వేసిన దండను మాత్రం సగం తినేసింది. ఊరి జనమంతా పక్క ఊరి గురక గురించే గుసగుసలాడుతున్నారు. తమ బర్రెలను తలుచుకుంటూ, శాలువా కప్పుకున్న బర్రెను చూస్తూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టకపోతే జేడీ గారికి ఎక్కడ కోపమొస్తుందోనని వాళ్ల భయం.

తర్వాత మాలచ్చిని తెచ్చారు. అక్క పలుపు రెండు చేతులా పట్టుకుంది. హైమావతి గారు సిరంజి నింపి ముఖ్య అతిథి చేతికిస్తూ, అక్క వైపు చూసి ఒకసారి తలూపారు. ఈసారి ఉప్పునీళ్లు కాదని అక్కకు అర్థమైంది. సూది దిగింది. మాలచ్చి చెవి విదిల్చింది తప్ప కదల్లేదు. అది కూడా నా మైకు పక్కనే పుట్టింది మరి. అక్క కళ్లు మూసుకుని "అమ్మయ్య" అంది. మైకు దగ్గరగా ఉండటంతో ఆ మాట ఊరంతా వినపడింది.

కథ అక్కడితో అయిపోవాల్సింది. కానీ మాలచ్చి తల్లి మెడలో సగం తిన్న దండను చూసింది. తర్వాత బల్ల మీద పెట్టెకు చుట్టిన దండల్ని చూసింది. దానికి పోస్టు కొత్త, ఆకలి పాతది. ఒక్క అడుగు ముందుకేసి దండ అందుకుని లాగింది. దండతోపాటు పెట్టె, పెట్టెతోపాటు బల్ల ఒరిగాయి. సీలు ఫట్టున తెగింది. ఐసు నేలపాలైంది. మందు సీసాలు ఎండలో దొర్లుకుంటూ ముఖ్య అతిథి చెప్పుల దగ్గర ఆగాయి.

"లోపల పెట్టండి! వెంటనే లోపల పెట్టండి!" అని పరాంకుశం గారు కేకలేశారు.

హైమావతి గారు వంగి ఒక సీసా తీసి చూశారు. ఆవిడ గొంతులో అంత నెమ్మది నేనెప్పుడూ వినలేదు. "కుదరదు సార్. సీలు తెగింది, చలవ పోయింది. ఇవాళే వాడెయ్యాలి. లేదంటే పారబొయ్యాలి. పారబోస్తే ఆడిట్ వాళ్లు దాని ఖరీదు రికవరీ రాస్తారు."

"ఎవరి నుంచి?"

"సీలుకు బాధ్యత వహించే అధికారి నుంచి సార్."

పరాంకుశం గారు నా చేతిలోంచి మైకు లాక్కున్నారు. ఎన్నో ఏళ్లుగా ఆయన ప్రసంగాలు వింటున్నాను. మామూలు మనిషిలా మాట్లాడటం అదే మొదలు. "ఒరే నాయనా! ఊళ్లో ఉన్న గొడ్లన్నిట్నీ తోలుకురండిరా! ఒక్కటి కూడా మిగలకూడదు! పరిగెత్తండి!"

జనం పరిగెత్తారు. నా షామియానా కిందకి ఊరి బర్రెలన్నీ వచ్చాయి. కుర్చీలు విరిగాయి, గుంజలు వంగాయి. ఎవరూ ఏమీ అడగలేదు, నేనూ అనలేదు. పొద్దు వాలేసరికి సీసాలన్నీ ఖాళీ అయ్యాయి.

మాలచ్చికి మూడో రోజే మెమో వచ్చింది. విధులలో చేరిన దినముననే ప్రారంభ దశను భంగపరచి, అనుమతి లేకుండా గ్రామమంతటికీ టీకాలు వేయించినందుకు దానిని ఉద్యోగం నుంచి తొలగించారు. కిందే ఒక వివరణ ఉంది. పశువు చేసిన ప్రమాదం వల్ల తెరుచుకున్న పెట్టె ప్రారంభోత్సవ నిబంధన కిందికి రాదనీ, అందులోని మందు వృథా కాకుండా వాడిన అధికారులపై చర్య ఉండదనీ. పరాంకుశం గారు ఆ వాక్యం తన జీతాన్ని కాపాడుకోవడానికి రాసుకున్నారు. దాన్ని జిల్లా అంతా చదువుకుంది.

అక్కకు ఆ మెమో పండగ. చుక్కా మాలచ్చీ ఇద్దరూ ఇంటికొచ్చారు. చుక్క మెల్లగా మళ్లీ చేపుతోంది. కొట్టం తలుపు దగ్గర కూర్చుని అక్క ఒట్టేసింది. ఇక ముందు సర్కారు మనిషి ఎవడొచ్చినా సరే, తన గొడ్ల పలుపు ముట్టనివ్వదట.

ఆ సాయంత్రమే ఓబులేసు వచ్చాడు. లోపలికి రాలేదు, గడప దగ్గరే నిలబడ్డాడు.

"రేపు మా ఊళ్లో ప్రారంభోత్సవమంటక్కా. పొద్దున్నే పెట్టె తెచ్చి బల్ల మీద పెడతారంట. ముఖ్య అతిథి ఎప్పుడొస్తాడో, సూది ఎప్పుడు పడతదో..." అని ఆగాడు. "నీ పడ్డను ఒక్కపూట పంపుతావేమోనని."

అక్క మాలచ్చి వీపు నిమిరింది.

"మీ ఊళ్లో బర్రెలు ఇంకా మిగిలినయ్యా?" అని అడిగింది.

"సగం పైన ఉండాయక్కా. గురక ఇంకా మా ఈది దాటలా."

మర్నాడు తెల్లారకముందే అక్క లేచి పలుపు విప్పింది. అక్కా, ఓబులేసూ, నేనూ, మాలచ్చితో కలిసి నాలుగు ప్రాణాలం, వాగు దాటాం. బల్ల మీద టీకా పెట్టె ఉంది. పెట్టెకు దండలు కూడా చుట్టి ఉన్నాయి. హైమావతి గారు మమ్మల్ని చూసీ చూడనట్టు ఊరుకుని, పచ్చి జొన్న చొప్ప ఒక కట్ట తెచ్చి పెట్టె మీద పెట్టారు. ఆపైన బల్లను అంచు దాకా జరిపారు.

ముఖ్య అతిథి మధ్యాహ్నం దాటాక వచ్చారు. అప్పటికి తుమ్మలదిన్నెలో బతికి ఉన్న ఆఖరి బర్రెకు కూడా సూది పడింది. ఆయన రిబ్బను కత్తిరించి, టీకా కార్యక్రమాన్ని ప్రారంభించారు.